పంపమహాకవి – వేములవాడ సీమలోని విద్యాపరిసరం

కోరుట్ల నుండి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా దక్షిణంగా సాగే దారి వేములవాడ చేరుతుంది. 2016లో మండలకేంద్రమైన రుద్రంగి ఈ దారిలో ఒక మజిలీ వంటిది. ఈ దారిన నిత్యం రాజన్న భక్తులు పోతుంటారు. వారు ధర్మగుండంలో స్నానం చేసి, కోడెమొక్కు చెల్లించి, స్వామిని దర్శించి తిరిగివస్తారు. ఆ క్షేత్రం పదో శతాబ్దిలో ఒక సామంతరాజ్యానికి రాజధాని అనీ, కన్నడ సాహిత్యంలో ఆదికవిగా పూజలందుకొనే పంపడు తన మహాకావ్యాన్ని ఆ ఆస్థానంలోనే వినిపించాడనీ విద్వాంసులకు తెలిసిన విషయమే. అయినా మన తరగతి గదుల్లో ఆ సంగతి ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది.

పంపకవిని గురించిన చర్చ తెలుగునాట తరచుగా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆయన తెలుగువాడా, కన్నడిగుడా అన్నదే ఆ ప్రశ్న. ఈ వ్యాసం ఆ వివాదంలోకి పోదు. అంతకంటె ఆలోచింపదగిన ప్రశ్న మరొకటి ఉంది. రాష్ట్రకూట సామ్రాజ్యపు అంచున ఉన్న ఒక చిన్న సామంతరాజ్యంలో, కొన్ని కుటుంబాలు, ఒక జైన గురుపరంపర, ఒక రాజసభ తప్ప మరేదీ లేని చోట, ఒక భాషాసాహిత్యానికే మూలపురుషుడనిపించుకొన్న ప్రతిభ ఎట్లా పరిణతి పొందింది? పల్లెల నుండి వచ్చే విద్యార్థులకు శాస్త్రం బోధించే మనవంటి ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న కేవలం చారిత్రకమైనది కాదు.

వంశం – వలసలు

పంపకవి తన వంశవృత్తాంతాన్ని విక్రమార్జునవిజయం చివరి ఆశ్వాసంలో స్వయంగా చెప్పుకొన్నాడు. ఆ వంశానికి మూలస్థానం వేంగిమండలం. అక్కడి అగ్రహారాలలో నివసించిన శ్రీవత్సగోత్రజుడు మాధవ సోమయాజి. ఆయన యజ్ఞాలు చేసిన వైదికుడు. ఆయన కుమారుడు అభిమానచంద్రుడు, అతని కుమారుడు కుమారయ్య, అతని కుమారుడు అభిరామదేవరాయడు. ఆ అభిరామదేవరాయని కుమారుడే పంపడు. మాధవ సోమయాజితో లెక్కిస్తే కవి అయిదో తరంవాడు.

ఈ అయిదు తరాలలో ఒక పెద్ద మలుపు నాలుగో తరంలో వచ్చింది. అభిరామదేవరాయడు జైనధర్మాన్ని స్వీకరించాడు. కులాల్లో ఉత్తమమైన బ్రాహ్మణకులంలో పుట్టినవానికి ధర్మాల్లో ఉత్తమమైన జినధర్మమే తగినదని ఆయన భావించినట్లు కుమారుడు చెప్పాడు. అంటే మతం మారినా వంశంలోని విద్యాగౌరవం మారలేదు. వేదాధ్యయనంతో పదునెక్కిన కుటుంబం ఆగమ పురాణాల అధ్యయనంలోకి ప్రవేశించింది. పాతవిద్యను పోగొట్టుకోకుండా కొత్తవిద్యను చేర్చుకొంది. ఆ ఇంటి పిల్లవానికి రెండు సంప్రదాయాల సంస్కారం సహజంగానే అబ్బింది.

తల్లి వైపు సంగతి పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన కురిక్యాల శాసనం వలన తెలుస్తుంది. తల్లి పేరు అబ్బణబ్బె. ఆమె బెళ్వొల ప్రాంతంలోని అణ్ణిగేరికి చెందిన జోయిస సింగని మనుమరాలు. అణ్ణిగేరి నేటి కర్ణాటకలో ధార్వాడ ప్రాంతపు ఊరు. జోయిస అనే మాట జ్యోతిషం చెప్పేవారి కుటుంబాన్ని సూచిస్తుంది. ఈ విధంగా తండ్రి వంశం తూర్పున వేంగికి, తల్లి వంశం పడమట బెళ్వొలకు చెందినవి. ఇంట్లోనే రెండు దేశాల నుడికారం వినిపించి ఉంటుందని ఊహించడం అసమంజసం కాదు. శాసనంలో తండ్రి పేరు భీమపయ్య అని ఉంది. కావ్యంలోని అభిరామదేవరాయడు, శాసనంలోని భీమపయ్య ఒక్కరేనని పరిశోధకులు సమన్వయించారు.

పంపకవి జననం క్రీ.శ. 902, దుందుభి సంవత్సరం. ఆయన బనవాసి సీమను ఎంతో మమతతో వర్ణించాడు. అర్జునుని తీర్థయాత్రా సందర్భంలో ఆ వర్ణన వస్తుంది. కథకు అవసరమైన దానికంటె అధికమైన ఆత్మీయత అందులో ఉండడం వలన, కవి యౌవనంలో కొంతకాలం ఆ ప్రాంతంలో గడిపి ఉంటాడని విమర్శకులు భావించారు. తన కావ్యభాషకు పులిగెరె ప్రాంతపు కన్నడమే సారమని కూడా ఆయన చెప్పుకొన్నాడు. పులిగెరె నేటి లక్ష్మేశ్వరం. వేంగి, బెళ్వొల, బనవాసి, చివరకు వేములవాడ – ఈ నాలుగు సీమలు కలిస్తేనే పంపకవి జీవితపటం పూర్తవుతుంది. చిన్న సమాజమంటే ఇల్లు కదలని సమాజం కాదని ఇక్కడే గ్రహించాలి. అది సంఖ్యలో చిన్నది. దాని బంధుత్వాలు, విద్యాసంబంధాలు మాత్రం తుంగభద్ర నుండి గోదావరి దాకా విస్తరించాయి.

గురుపరంపర

పంపకవి తన గురువుగా దేవేంద్రముని పేరు చెప్పాడు. జైనమునులు ఒకచోట స్థిరంగా ఉండరు. వర్షాకాలపు నాలుగు మాసాలు తప్ప మిగిలిన కాలమంతా విహరిస్తుంటారు. అందువలన వారి విద్య ఒక భవనానికి కట్టుబడినది కాదు. ముని చాతుర్మాస్యానికి ఆగిన బసదే పాఠశాల. ముని వెళ్లిన తరువాత గ్రంథాలు, గృహస్థశిష్యులు మిగులుతారు. గృహస్థశిష్యుడు నేర్చినదాన్ని ఇంట్లో చింతన చేసుకోవాలి. మరలా ముని వచ్చినప్పుడు అప్పగించాలి. ఇటువంటి విద్యలో శిష్యుడు తన కాళ్లమీద తాను నిలవడం తప్పనిసరి.

పంపకవి ఏయే గ్రంథాలు చదివాడో ఆయన కావ్యాలే సాక్ష్యం చెబుతాయి. ఆదిపురాణానికి ఆధారం జినసేనాచార్యుని సంస్కృత పూర్వపురాణం. విక్రమార్జునవిజయంలో వ్యాసభారతంతో పాటు భారవి కిరాతార్జునీయం, భట్టనారాయణుని వేణీసంహారం ప్రభావం చూపినట్లు విమర్శకులు వివరించారు. ఛందస్సు, అలంకారశాస్త్రం, యుద్ధవిద్య, గజాశ్వశాస్త్ర పరిభాష – ఇవన్నీ ఆ కావ్యంలో కనిపిస్తాయి. పంపకవి కేవలం లేఖిని పట్టినవాడు కాదు, కత్తి పట్టినవాడు కూడా. తన ప్రభువుతో పాటు యుద్ధభూమిని చూసినవాడు.

ఆదిపురాణాన్ని మూడు నెలల్లోను, విక్రమార్జునవిజయాన్ని ఆరు నెలల్లోను పూర్తిచేసినట్లు కవి స్వయంగా చెప్పుకొన్నాడు. ఆదిపురాణ రచనాకాలం శకసంవత్సరం 863, ప్లవ, అంటే క్రీ.శ. 941. అప్పటికి ఆయన వయస్సు 39. పదహారు ఆశ్వాసాల చంపూకావ్యం మూడు నెలల్లో వెలువడిందంటే దానిని దైవదత్తమైన మహిమగా కీర్తించి ఊరుకోవడం పరిపాటి. కాని ఆ మూడు నెలల వెనుక మూడు దశాబ్దాల అధ్యయనం ఉంది. జినసేనుని పురాణం కంఠగతం కానివాడు దానిని మూడు నెలల్లో మరొక భాషలో స్వతంత్రకావ్యంగా మలచలేడు. రచనావేగం అద్భుతంగా కనిపించవచ్చు. ఆ వేగాన్ని సాధ్యం చేసినది మాత్రం బాల్యం నుండి సాగిన అధ్యయనమే.

సామంతసభ

వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. ఎనిమిదో శతాబ్ది మధ్యభాగం నుండి పదో శతాబ్ది ఉత్తరార్ధం దాకా వీరు పాలించారు. తొలుత వీరి రాజధాని పోదన, అంటే నేటి బోధన్. తరువాత లేంబులవాటకం, అంటే వేములవాడ. వీరి చరిత్రను సమగ్రంగా పరిశీలించి నేలటూరి వెంకటరమణయ్యగారు 1953లో ఒక గ్రంథం ప్రకటించారు. ఈ వంశంలో బద్దెగుడు నలభై రెండు యుద్ధాలు చేసిన వీరునిగా పేరుపొందాడు. రెండో నరసింహుడు రాష్ట్రకూట మూడో ఇంద్రుని పక్షాన ఉత్తరదేశ దండయాత్రలో పాల్గొని, ప్రతీహార మహీపాలుని ఓడించిన సేనలో ముందు నిలిచాడు. అతని కుమారుడు రెండో అరికేసరి పంపకవికి ఆశ్రయమిచ్చిన ప్రభువు.

అరికేసరి పరాక్రమంతో పాటు శరణాగత రక్షణలోను పేరు పొందాడు. రాష్ట్రకూట నాలుగో గోవిందుడు కోపించిన విజయాదిత్యుడు తనను శరణు కోరితే, సార్వభౌముని ఆగ్రహాన్ని సైతం లెక్కచేయక అరికేసరి అతనిని కాపాడాడు. క్రీ.శ. 935 ప్రాంతంలో గోవిందుడు పదవీచ్యుతుడై మూడో అమోఘవర్షుడు సింహాసనమెక్కిన పరిణామంలో అరికేసరి పాత్ర ప్రధానమైనది. సామంతుడు తన సార్వభౌముని మార్చగలిగిన కాలమది.

పెద్ద సామ్రాజ్యపు రాజధానిలో కవికి దొరకనిది చిన్న ఆస్థానంలో దొరికింది. మాన్యఖేటంలోను గొప్ప కవులున్నారు. పొన్నకవి మూడో కృష్ణుని ఆదరణ పొందాడు. అపభ్రంశకవి పుష్పదంతుడు తన మహాపురాణాన్ని క్రీ.శ. 965లో అక్కడే ముగించాడు. కనుక పెద్ద నగరాల్లో ప్రతిభ వికసించదని చెప్పడం సరికాదు. తేడా సామీప్యంలో ఉంది. వేములవాడలో రాజు, కవి ఒకే యుద్ధాన్ని చూశారు, ఒకే సభలో కూర్చున్నారు. రాజుకు గుణార్ణవుడని బిరుదు. కవికి కవితాగుణార్ణవుడని బిరుదు. ఒకరి బిరుదు మరొకరి బిరుదులో ప్రతిధ్వనించడమే వారి సాన్నిహిత్యానికి నిదర్శనం. ప్రభువు ఎదుట కవి అనామకుడు కాడు. ఆయన ఏమి చదివాడో, ఏమి చేయగలడో సభకు తెలుసు. సభలోని పండితులు కోరినందువలననే భారతకథను చేపట్టినట్లు కవి చెప్పాడు. ఈ కోరిక అనే అంశాన్ని మనం తక్కువగా అంచనా వేయరాదు. తనను ఎరిగినవారు తన శక్తికి తగిన, శక్తికి కొంచెం మించిన పని అప్పగించినప్పుడే ప్రతిభ పరీక్షకు నిలుస్తుంది.

రెండు కావ్యాలు

పంపకవి రెండు కావ్యాలే రచించాడు. ఆదిపురాణం మొదటి తీర్థంకరుడైన వృషభనాథుని చరిత్ర. ఆ మహాపురుషుని పూర్వజన్మలు, వైరాగ్యం, ఆయన కుమారులైన భరత బాహుబలుల వృత్తాంతం అందులో ఉన్నాయి. అన్నతో జరిగిన పోరులో గెలిచిన బాహుబలి రాజ్యాన్ని త్యజించి తపస్సుకు వెళ్లే ఘట్టం కన్నడ సాహిత్యంలో సుప్రసిద్ధం. బాహుబలి రాజధానిగా జైనపురాణాలు చెప్పిన పౌదనపురాన్ని వేములవాడ చాళుక్యుల మొదటి రాజధాని పోదనతో ముడిపెట్టే సంప్రదాయం ఉంది. ఆ కథ ఆ సీమవారికి ఎక్కడో జరిగినది కాదు.

విక్రమార్జునవిజయం పద్నాలుగు ఆశ్వాసాల చంపువు. పంపభారతమన్నది దీనికే పేరు. ఇందులో అరికేసరిని అర్జునునితో అభేదంగా నిలిపాడు కవి. అర్జునుడు నాయకుడు కావడంతో కథలో కొన్ని మార్పులు తప్పలేదు. ద్రౌపది అయిదుగురికి కాక అర్జునుని ఒక్కనికే భార్య. యుద్ధానంతరం పట్టాభిషేకం ధర్మజునికి కాక అర్జునునికి, సుభద్రకు జరుగుతుంది. ఒక కావ్యం లౌకికం, మరొకటి ధార్మికం. రెండింటిలోను తన శక్తిని సమంగా చూపడం పంపకవి విశేషం.

అయితే ఆ కావ్యంలో నాయకునితో సమానంగా వెలిగినవాడు కర్ణుడు. అర్జునుడు ప్రభువుకు ప్రతీక అయినప్పటికీ, భారతకథలో సత్యానికి, త్యాగానికి, స్వామిభక్తికి తలచుకోవలసినవాడు కర్ణుడేనన్న భావం కావ్యమంతటా వ్యాపించి ఉంది. భీష్ముని వయస్సును అధిక్షేపించిన కర్ణుడు తరువాత శరతల్పగతుడైన ఆయన పాదాలకు మొక్కే ఘట్టం అందుకు నిదర్శనం. ప్రభువును స్తుతించడానికి రాసిన కావ్యంలోనే ప్రభువుకు ప్రతిపక్షంలో ఉన్నవానికి ఇంతటి గౌరవం ఇవ్వగలగడం కవి స్వాతంత్ర్యానికి గుర్తు. అంతటి స్వాతంత్ర్యాన్ని సహించిన సభ కూడా మెచ్చదగినదే.

కావ్యానికి బహుమానంగా అరికేసరి ధర్మవురం అనే అగ్రహారాన్ని కవికి ఇచ్చాడు. దీనిని గోదావరీతీర ధర్మపురితో సమన్వయించిన పండితులున్నారు. కురిక్యాల పరిసరాల్లోనే ఉండిన గ్రామమని భావించినవారూ ఉన్నారు. ఏ పక్షం సరియైనదైనా, కవికి దక్కిన గ్రామం ఈ సీమలోనిదే.

తమ్ముడు చెక్కించిన రాయి

వేములవాడకు తూర్పున, గంగాధర మండలంలోని కురిక్యాల సమీపంలో బొమ్మలమ్మగుట్ట ఉంది. శాసనం దానిని వృషభాద్రిగా పేర్కొంటుంది. పదో శతాబ్ది మధ్యభాగంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్టమీద రాతిలో తీర్థంకరుల రూపాలను, చక్రేశ్వరిని చెక్కించి, వాటి కింద శాసనం వేయించాడు. ఆ శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు భాగంలోని మూడు కందపద్యాలు మనకు లభించిన తొలి తెలుగు కందాలుగా ప్రసిద్ధికెక్కాయి. క్రీ.శ. 848 నాటి అద్దంకి పండరంగని శాసనంలో తరువోజ, బెజవాడ యుద్ధమల్లుని శాసనంలో మధ్యాక్కర కనిపిస్తాయి. కందం ఈ గుట్టమీద కనిపిస్తుంది. నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరంలో భారతాంధ్రీకరణకు పూనుకొన్నది దీనికి సుమారు ఒక శతాబ్ది తరువాత.

తెలుగు ఛందశ్శాస్త్రాల్లో తొలిదని పలువురు భావించిన కవిజనాశ్రయాన్ని, దాని కర్త మల్లియరేచనను కూడా ఈ సీమతోనే ముడిపెట్టిన పండితులున్నారు. దాని కాలకర్తృత్వాలపై వాదోపవాదాలు సాగాయి. ఆ వివాదం ఎట్లున్నా, అన్న కన్నడంలో మహాకావ్యాలు రచిస్తున్న కాలంలో తమ్ముడు తెలుగు కందాలు చెక్కించాడన్న విషయం నిస్సందేహం. ఒకే ఇంటిలో, ఒకే తరంలో రెండు భాషల సాహిత్యారంభాలకు సాక్ష్యం లభించడం అరుదైన విషయం.

జినవల్లభుడు ఆ పరిసరాల్లో త్రిభువనతిలకమనే బసదిని కట్టించాడు. మదనవిలాసమనే ఉద్యానవనాన్ని పెంచాడు. ఒక చెరువు తవ్వించి దానికి కవితాగుణార్ణవమని పేరుపెట్టాడు. ఆ పేరు అన్నగారి బిరుదే. ఈ సీమలో చెరువే బ్రతుకు. అటువంటి చెరువుకు రాజు పేరు కాక, దేవుని పేరు కాక, ఒక కవి బిరుదు పెట్టడం గమనింపదగినది. నీళ్లకు వచ్చినవారి నోట, పొలానికి నీరు కట్టినవారి నోట కవి బిరుదు ఊరిమాటగా మారాలన్నది దాని ఉద్దేశం. ప్రతిభను పెంచిన సమాజం దానిని తరువాతి పిల్లలకు చూపించే విధానం ఇట్లా ఉంటుంది. పంపకవి వంశాన్ని, అగ్రహార దానాన్ని కావ్యానికి వెలుపల ధ్రువీకరించే సాక్ష్యం కూడా ఈ శాసనమే. తాళపత్రాలు అన్యదేశం చేరినా, రాయి ఇక్కడే నిలిచింది.

తరువాతి తరం

పంపకవి ఒక్కడే అయితే ఆయనను అపవాదంగా భావించవచ్చు. కాని అదే ఆస్థానం తరువాతి తరంలో సోమదేవసూరిని ఆదరించింది. ఆయన యశస్తిలకచంపువును శకసంవత్సరం 881లో, అంటే క్రీ.శ. 959లో, అరికేసరి కుమారుడైన వాగరాజు కాలంలో గంగాధరలో పూర్తిచేశాడు. ఈ గంగాధరను కురిక్యాల సమీపంలోని గంగాధరగా పలువురు పరిశోధకులు గుర్తించారు. నీతివాక్యామృతం కూడా ఆయన రచనే. సోమదేవుడు బాల్యం నుండి తర్కశాస్త్రాన్ని అభ్యసించినవాడు. ఎండుగడ్డి వంటి తర్కాన్ని మేసిన తన బుద్ధి అనే ఆవు కవిత్వమనే పాలనిచ్చిందన్న భావాన్ని ఆయన కావ్యారంభంలో వ్యక్తపరిచాడు. శాస్త్రాభ్యాసం కవిత్వానికి విరోధి అని భావించే నేటివారికి ఇది మంచి సమాధానం.

క్రీ.శ. 966 నాటి పర్భణీ తామ్రశాసనం ప్రకారం మూడో అరికేసరి సోమదేవసూరికి ఒక గ్రామాన్ని దానం చేశాడు. ఆ గ్రామం సబ్బినాటిలోని రేపాక పన్నెండు ఊళ్లలోనిది. లేంబులపాటకంలో తన తండ్రి బద్దెగుడు కట్టించిన శుభధామ జినాలయం జీర్ణోద్ధరణకు, నిత్యకృత్యాలకు ఆ గ్రామ ఆదాయం వినియోగపడాలి. దానపత్రం వ్యక్తి పేరున ఉన్నా దాని ఫలం సంస్థకు చెందింది. పండితుడు వచ్చి పోయినా జినాలయం నిలవాలన్న దూరదృష్టి అందులో ఉంది.

వేంగి నుండి వలసవచ్చిన కుటుంబాలలో కవులను చూపడానికి పంపకవి ఇల్లు ఒక్కటే కాదు. కన్నడ ఛందోంబుధికర్త మొదటి నాగవర్మ వంశం కూడా వేంగి నుండి వచ్చినదే. ఇక రత్నత్రయంలో మూడోవాడైన రన్నకవి గాజులు అమ్మే కుటుంబంలో పుట్టాడు. ఆయన శ్రావణబెళగొళ చేరి అజితసేనాచార్యుని వద్ద చదివి, చావుండరాయని ఆదరణతో కవి అయ్యాడు. పంపకవికి ఇంట దొరికిన విద్య రన్నకవికి ఇంటి వెలుపల దొరికింది. ఇద్దరికీ సమానమైనది ఒకటే: యోగ్యతను గుర్తించి చేరదీసిన గురువు, ఆ చదువుకు భరణం చూపిన వ్యవస్థ.

పరిమితులు

ఈ వ్యవస్థను పొగడడంతో వ్యాసాన్ని ముగిస్తే అది అసమగ్రమవుతుంది. మొదటి పరిమితి, దాని ద్వారం అందరికీ తెరిచి లేదు. నాలుగు తరాల విద్య ఉన్న ఇంట్లో పుట్టిన పంపనికి లభించినది, ఆయన అగ్రహారానికి పన్ను కట్టిన రైతు కుమారునికి లభించలేదు. రన్నకవి వంటివారు అరుదు. అబ్బణబ్బె వంటి తల్లుల పేర్లు శాసనం దయవలన నిలిచాయి గాని, వారి విద్య ఎట్టిదో చెప్పే గ్రంథం రాలేదు. ఇటువంటి సమాజాలు ప్రతిభను పెంచాయన్నది ఎంత నిజమో, తమ గడప అవతల ఉన్న ప్రతిభను గమనించలేదన్నదీ అంతే నిజం.

రెండవది, సామీప్యానికి మూల్యం ఉంటుంది. ప్రభువు తనకు అంత దగ్గరివాడైనప్పుడు కవి అతనిని కథానాయకునిగా చేయక తప్పలేదు. ద్రౌపదీవివాహం, పట్టాభిషేకం మారినది కేవలం కావ్యశిల్పం కోసం కాదు. అర్జునుని భార్య అయిదుగురికి భార్య అయితే అది అరికేసరి గౌరవానికి సరిపడదు. ఇట్టి నిర్బంధం మధ్యనే కర్ణుని అంతగా నిలబెట్టడం పంపకవి గొప్పతనం. నిర్బంధం లేదని మాత్రం చెప్పలేము.

మూడవది, ఈ సమాజం ఒక రాజవంశం మీద ఆధారపడింది. క్రీ.శ. 973లో రెండో తైలపుడు రాష్ట్రకూటుల అధికారాన్ని అంతం చేశాడు. వారితో పాటు వేములవాడ చాళుక్యులూ చరిత్రలో మరుగుపడ్డారు. బసదులకు ఆదరణ తగ్గింది. కన్నడం ఈ సీమనుండి క్రమంగా తొలగిపోయింది. పంపకవి కావ్యాలను భద్రపరచినది, చదివినది, అనుసరించినది కన్నడదేశం. బి.ఎల్. రైస్ 1898లో పంపభారతాన్ని అచ్చువేయించాడు. కర్ణాటక ప్రభుత్వం 1987లో పంపకవి పేరున సాహిత్యపురస్కారాన్ని నెలకొల్పింది. ఆయనకు అగ్రహారమిచ్చిన సీమలో మాత్రం ఆయన పేరు పండితుల గోష్ఠికే పరిమితమైంది. ప్రతిభను పెంచడం ఒక పని, దానిని జ్ఞాపకం ఉంచుకోవడం మరొక పని. మొదటిది చేసిన సీమ రెండవది మరిచింది.

ఉపసంహారం

పైన పరిశీలించిన ఆధారాల వలన తేలే అంశాలు కొన్ని. పంపకవి ప్రతిభ ఆకస్మికం కాదు. వంశంలో పారంపర్యంగా వచ్చిన విద్య, మతపరివర్తనతో అందిన కొత్త విద్య, రెండు భాషల వాతావరణం, ఒకచోట నిలవని గురువు నేర్పిన స్వయంకృషి, పనిని కోరి ఫలాన్ని గుర్తించిన సభ, గ్రామాదాయంతో ఏర్పడిన భరణం – ఇవన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకొన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ అసాధారణమైనది కాదు. ప్రతి సీమలోను ఏదో ఒక రూపంలో ఇవి ఉంటాయి. ఇవన్నీ ఒకేచోట, ఒకే యువకుని చుట్టూ కలవడమే అసాధారణం. సమాజం చిన్నదైనప్పుడు అటువంటి కలయికకు అవకాశం ఎక్కువ. గురువుకు తండ్రి తెలుసు, తండ్రికి ప్రభువు తెలుసు, ప్రభువుకు పిల్లవాని శక్తి తెలుసు. ఈ ఎరుక తెగిపోతే ఎంత పెద్ద విద్యాలయమైనా విద్యార్థిని ఒక సంఖ్యగానే చూస్తుంది.

ప్రాచ్యవిద్యను బోధించే మనకు రాజులు లేరు, అగ్రహారాలు లేవు. ఉండనవసరమూ లేదు. కాని ఆ ఎరుకను పోషించడం మన చేతిలో ఉంది. రుద్రంగి నుండి, కథలాపూర్ నుండి వచ్చి శబ్దమంజరి పట్టిన విద్యార్థి ఎవరి బిడ్డో, ఇంట్లో ఏ పాట వింటూ పెరిగాడో, ఎంత బరువు మోయగలడో తెలుసుకొని, దానికి కొంచెం మించిన పని అప్పగించే ఉపాధ్యాయుడు ఒక్కడున్నా చాలు. నాటి వ్యవస్థ మూసిన ద్వారాలను మనం తెరవగలిగితే వారికంటె ఒక మెట్టు పైన నిలుస్తాము.

బొమ్మలమ్మగుట్ట శాసనాన్ని పాఠ్యాంశంగా చెప్పేటప్పుడు మూడు కందాల గణవిభజనతో ఆగక, విద్యార్థులను ఒకసారి ఆ గుట్ట ఎక్కించడం మేలు. అన్న కవి అయితే తమ్ముడు చెరువు తవ్వించి ఆ పేరు పెట్టిన చోటు అది. దాన్ని కళ్లారా చూసిన విద్యార్థికి పంపకవి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కాక, తన సీమలో బ్రతికిన మనిషిగా కనిపిస్తాడు.